శుక్రవారం మహిమ

ఖాసింపీరాకు ఒకటే దిగులు. ఆరేళ్లుగా దాదాపీర్ తాత దగ్గర శిష్యరికం చేస్తున్నాడు. గుట్ట మీద మొలిచే ప్రతి ఆకూ అతనికి తెలుసు. ఏ వేరు ఏ జబ్బుకో కళ్లు మూసుకుని చెప్తాడు. అయినా తాత నోట "ఇంక నువ్వు వేరే ఊర్లో కూర్చోని మందులియ్యి" అన్న ఒక్క మాట రాలేదు.

దాదాపీర్ తాతది చిన్న దర్గా. చింతమాకులపల్లెకు పడమర, గుట్ట మొదట్లో ఉంటుంది. ముందర రేకుల పంచ, వెనక చేదబావి. వచ్చేవాళ్లలో సగం మంది దువా కోసం వస్తే, మిగతా సగం దగ్గుకో జలుబుకో మందు కోసం వస్తారు. ఎవరొచ్చినా తాత మాట్లాడేది తక్కువ. ఆ లోటు ఖాసిం తీర్చేవాడు.

పోయిన ఉరుసు నాడు తాత తన భుజం మీది కంబళి తీసి ఖాసిం భుజాన కప్పాడు. అది తాతకు ఆయన గురువు ఇచ్చిన కంబళి. గొర్రెబొచ్చుతో నేసిన వెన్నెల రంగుది. ఆ రోజు నుంచి ఖాసిం కాళ్లు నేల మీద నిలవలేదు.

గురువిచ్చిన కంబళిని నీళ్లలో పెట్టకూడదని, పెడితే అందులోని గురువు ఊపిరి పోతుందని శిష్యుల్లో ఒక పట్టింపు ఉంది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఖాసిం మాత్రం దాన్ని ప్రాణంగా పాటించాడు. దారిలో వాన పట్టుకుంటే తాను తడిసేవాడు గానీ కంబళిని మడిచి గోనెపట్టాలో దాచేవాడు. తెల్లారకముందే దాన్ని కప్పుకుని ఆకులకు బయలుదేరేవాడు. కోసిన ఆకులు దాని ఒడిలోనే మూట కట్టుకునేవాడు. పడుకున్నా అదే, లేచినా అదే.

ఒక బుధవారం పొద్దున మునిరత్నం వచ్చాడు.

మునిరత్నం నాదస్వరం వాయిస్తాడు. వాళ్ల నాయన వాయించిన నాదస్వరమే ఇప్పుడు అతని చేతిలో ఉంది. చుట్టుపక్కల పదిహేను పల్లెల్లో తాళి కట్టే వేళకు మునిరత్నం మేళం ఉండాల్సిందే. అలాంటివాడికి నాలుగేళ్లుగా ఒక పీడ పట్టుకుంది. మాఘం వచ్చి చేలగట్లు పూతకొచ్చాయంటే చాలు, తుమ్ములు మొదలవుతాయి. ఒకటీ రెండూ కాదు, వరసగా పదీ పన్నెండు. కళ్లు ఎర్రబడతాయి, ముక్కు కారుతుంది. వేసవి ముదిరితే దానంతటదే పోతుంది. కానీ పెళ్లిళ్లన్నీ ఈ లోపలే కదా.

పోయినేడు ఒక పెద్దింటి పెళ్లిలో, పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్న క్షణాన మునిరత్నం తుమ్మాడు. ఆపుకోబోయి ఇంకా గట్టిగా తుమ్మాడు. పెళ్లికూతురి అవ్వ అక్కడికక్కడే లేచి నిలబడింది. అయ్యవారు ఇంకో ముహూర్తం వెతికి, మూడు గంటల తరవాత తాళి కట్టించారు. అంతసేపూ మునిరత్నం పందిరి వెనక తల వంచుకుని కూర్చున్నాడు. ఆ కబురు ఊరూరా పాకింది. ఈ ఏడు అతన్ని పిలిచినవాళ్లే లేరు.

"ఇంగ పక్షం రోజులకు మా చెల్లెలి కూతురి పెండ్లి సామీ," అన్నాడు మునిరత్నం, తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "మగపిల్లోని పక్కవాళ్లు వేరే మేళం మాట్లాడుకోమన్నారు. మా చెల్లెలు ఒప్పుకోలే. మాయన్న వాయిస్తేనే నా బిడ్డ మెడలో తాళి పడాల అనింది. నేను తుమ్మితే ఆ బిడ్డ బతుకంతా అంటారు సామీ, మేనమామ తుమ్మినాడని."

చెప్తుండగానే ఏడు తుమ్ములు తుమ్మాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి. అందులో తుమ్ముల నీళ్లు ఎన్నో, మిగతావి ఎన్నో చెప్పడం కష్టం.

దాదాపీర్ తాత అతని కళ్ల కింది రెప్పలు దించి చూశాడు. ఏదో అడగబోయాడు. అంతలో ఖాసిం ముందుకొచ్చాడు.

"తాతా, ఇది నాకు వదిలిపెట్టండి. ఇదేం పెద్ద జబ్బు. పదకొండు దినాల్లో ఈయన తుమ్ము నిలబెట్టకపోతే ఈ కంబళి మీ కాళ్లకాడ పెట్టి మా ఊరికి పోతా."

పంచలో ఉన్నవాళ్లంతా విన్నారు. తాత శిష్యుడి వైపు ఒకసారి, కంబళి వైపు ఒకసారి చూశాడు.

"సరే," అన్నాడు.

ఖాసిం ఆ రోజే పని మొదలుపెట్టాడు. తులసాకు, మిరియాలు, శొంఠి వేసి కషాయం కాచాడు. దానిలోకి గుట్ట తేనె కలిపి పొద్దునా సాయంత్రం తాగించాడు. పసుపు వేసి మరగబెట్టిన పాలు పడుకునేముందు ఇమ్మని మునిరత్నం భార్య ఈశ్వరమ్మకు చెప్పాడు. వాము వేయించి పలచటి గుడ్డలో మూట కట్టి, ముక్కు బిగుసుకున్నప్పుడల్లా వాసన చూడమన్నాడు. కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి, ఒక ముక్కులో పోసి రెండో ముక్కులోంచి వదలడం దగ్గరుండి నేర్పాడు.

అన్నిటికీ మించింది ఆవిరి. వావిలాకు తెచ్చి, కుండలో నీళ్లు మరగబెట్టి, మునిరత్నాన్ని ఎదురుగా కూర్చోబెట్టేవాడు. తన భుజం మీది కంబళి తీసి అతని తల మీదుగా, కుండ చుట్టూ, గాలి చొరకుండా కప్పేవాడు.

"మా ఇంట్లో దుప్పటి ఉండాది సామీ," అనింది ఈశ్వరమ్మ మొదటిరోజు.

"దుప్పటికీ దీనికీ పోలికా అమ్మా? ఇది మా తాత కప్పుకున్నది, తాతకు వాళ్ల గురువు కప్పినది. దీని కింద పట్టిన ఆవిరికి రెట్టింపు గుణం."

కంబళి కింద మునిరత్నం తుమ్ముతూనే ఉన్నాడు. జబ్బు బయటికి పోతోందని ఖాసిం ధైర్యం చెప్పాడు.

మూడోరోజు శుక్రవారం. శుక్రవారాల్లో దర్గాకు జనం ఎక్కువ. వచ్చినవాళ్లను వరసలో కూర్చోబెట్టడం, ఎవరి బాధ ఏమిటో అడగడం, నెమలీకల కట్టతో తల నిమరడం అంతా ఖాసిం పనే. ఆ పని అంటే అతనికి చెప్పలేనంత ఇష్టం. అందుకని ఆ రోజు ఊళ్లోకి పోలేదు. మందులన్నీ ఈశ్వరమ్మే చూసుకుంది.

శనివారం పోయేసరికి మునిరత్నం ముఖంలో కొంచెం కళ ఉంది.

"నిన్న మేలు సామీ. మూడంటే మూడే తుమ్ములు," అన్నాడు.

"శుక్రవారం కదప్పా. ఆ దినం మహిమ అట్లాంటిది," అన్నాడు ఖాసిం. కుండ పొయ్యి మీద పెట్టి, కంబళి విప్పాడు. ఆ రోజు తుమ్ములు లెక్కపెట్టలేకపోయారు.

వారం గడిచేసరికి మునిరత్నం కళ్లు వాచిపోయాయి. నాదస్వరం పెట్టె తెరిచి, ఊదే పీక తడిపి నోటి దగ్గర పెట్టుకుంటాడు, ఊదబోయేలోగా తుమ్ము వస్తుంది. మళ్లీ పెట్టెలో పెట్టేస్తాడు. ఖాసింకు పట్టుదల పెరిగింది. దగ్గర్లో కోసిన ఆకుల్లో సారం లేదనుకున్నాడు. ఇంకా చీకటితోనే లేచి వంక అవతలికి పోయేవాడు. అక్కడ వయ్యారిభామ మొక్కలు నడుంలోతు పెరిగి, తెల్లగా పూసి ఉన్నాయి. వాటి నడుమ దూరి, వాటి వెనకున్న వావిలి చెట్ల దగ్గరికి చేరేవాడు. మామిడితోటల్లోంచి అడ్డదారిన వచ్చేవాడు. రెండింతల ఆకులు కంబళిలో వేసుకుని, సరాసరి మునిరత్నం ఇంట్లోకే నడిచేవాడు. పొద్దున ఒకసారి పట్టే ఆవిరి సాయంత్రం కూడా పట్టించాడు.

పదోరోజు మళ్లీ శుక్రవారం వచ్చింది. మళ్లీ మునిరత్నానికి కొంచెం తెరిపి ఇచ్చింది. పదకొండోరోజు పొద్దున ఖాసిం గడప దాటి లోపలికి వచ్చాడో లేదో మునిరత్నం తుమ్మడం మొదలుపెట్టాడు. ఇరవై రెండు తుమ్ములు. ఆఖరి తుమ్ముకు ముక్కులోంచి రక్తం వచ్చింది.

ఈశ్వరమ్మ మొగుడి తల వెనక్కి పట్టుకుని, ఖాసిం వైపు తిరక్కుండానే అనింది:

"తప్పుగా అనుకోవద్దు సామీ. మీరు రాని దినమే ఈయన బాగుంటాండాడు."

ఖాసింకు తల కొట్టేసినట్టయింది. ఆకుల మూట అక్కడే వదిలి బయటికి వచ్చాడు. పెళ్లి ఇంకా నాలుగు రోజులుంది.

దర్గాకు వెళ్లేసరికి తాత పంచలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు. ఖాసిం ఎదురుగా కూలబడ్డాడు.

"ఓడిపోయినా తాతా. నాకు తెలిసినవన్నీ చేసినా. మీకు తెలిసింది ఇంగొకటి ఏదో ఉంటాది. నాకు చెప్పలేదు మీరు. నాకు చెప్పకపోయినా పోనీ, ఆ మనిషికైనా చెప్పండి."

"ఏమేం చేసినావు?"

ఖాసిం వరసగా చెప్పాడు. కషాయం, తేనె, పసుపు పాలు, వాము, ఉప్పునీళ్లు, వావిలాకు ఆవిరి. తాత ఒక్కోదానికీ తల ఊపాడు.

"అన్నీ మంచివే. నేనైనా అవే చేద్దును."

"మరి యాల తగ్గలేదు?"

తాత గింజలు పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"ఆ కంబళి ఇట్లియ్యి."

పందెం పందెమే, అడగడంలో తప్పేమీ లేదు. అయినా తాత ఇంత తొందరగా, ఇంత మామూలుగా అడుగుతాడని ఖాసిం అనుకోలేదు. కంబళి తీసి నాలుగు మడతలు పెట్టాడు. కళ్లకద్దుకున్నాడు. తాత చేతుల్లో పెట్టాడు.

తాత దాన్ని చంకన పెట్టుకుని వెనక్కి నడిచాడు. ఖాసిం వెనకాలే పోయాడు. బావి దగ్గర తెల్లటి పింగాణీ బేసిన్ ఒకటి బోర్లించి ఉంది. తాత దాన్ని తిప్పి, రెండు చేదలు నీళ్లు తోడి పోశాడు. కంబళి మడత విప్పి నీళ్లలోకి వదలబోయాడు.

"తాతా," అన్నాడు ఖాసిం. "గురువిచ్చింది తడపకూడదు గదా."

తాత కంబళిని ముంచి, రెండు చేతులతో నెమ్మదిగా అదిమాడు.

తెల్లటి బేసిన్‌లో నీళ్లు పచ్చబడ్డాయి. మొదట పసుపు కలిపినట్టు, తరవాత ఇంకా చిక్కగా. నీళ్ల మీద వయ్యారిభామ పూలు, మామిడిపూత పొడి, పేరు తెలియని గడ్డిగింజలు తేలాయి. తాత ఆ నీళ్లు పారబోసి మళ్లీ తోడాడు. మళ్లీ పచ్చగానే వచ్చాయి. మూడోసారీ అంతే. ఆయనకు డెబ్బై దాటాయి, తడిసిన కంబళి బరువుకు మోచేతులు వణుకుతున్నాయి. ఖాసిం చేద అందుకోబోయాడు. తాత వద్దని తల ఊపాడు.

నాలుగో నీళ్లు పోస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు:

"ఆవిరి దేంతో కప్పి పట్టినావు?"

ఖాసిం బావి గట్టు మీద కూర్చున్నాడు. మునిరత్నం ముక్కులోంచి వచ్చిన రక్తం, తల వెనక్కి పట్టుకున్న ఈశ్వరమ్మ చేతులు, కంబళి కింది నుంచి వినబడిన తుమ్ములు అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఇంత సిగ్గు అతను పుట్టి ఎరగడు.

ఏడో నీళ్లు తేటగా వచ్చాయి.

"రెండో కొస పట్టుకో," అన్నాడు తాత. "పిండుదాం."

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని కంబళి పిండారు. తాత దాన్ని బయట వేయలేదు. లోపలి గదిలో దండెం మీద ఆరేశాడు.

ఆ సాయంత్రం ఖాసిం బావి దగ్గర తలకు పోసుకున్నాడు. ఉతికిన పంచె, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చేలగట్ల మీదుగా కాకుండా, చుట్టూ తిరిగి బాట వెంట ఊళ్లోకి నడిచాడు. మునిరత్నం గడప బయటే ఆగి, చెంబుతో నీళ్లు అడిగి, ముఖమూ చేతులూ మోకాళ్ల దాకా కాళ్లూ కడుక్కున్నాడు. ఈశ్వరమ్మ వింతగా చూసింది.

"అమ్మా, మీ దుప్పటి ఉతికిందేనా?"

"పొద్దున ఉతికినా సామీ. గట్టు మీద ఆరేసినా."

"ఇంగోసారి జాడించి ఇంట్లో ఆరేయి. ఇల్లు చీపురుతో చిమ్మకుండా తడిగుడ్డతో తుడువు. చేనివైపు కిటికీ పొద్దెక్కేదాకా మూసిపెట్టు. మందులు ఎప్పటివే."

అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఖాసిం ఇంత తక్కువ మాట్లాడడం ఆ ఇంట్లోవాళ్లు చూడడం అదే మొదలు. ఆ రాత్రి మునిరత్నం నిద్రపోయాడు. మరుసటి రోజు ఆరు తుమ్ములు. ఆ తరవాతి రోజు రెండు. మూడోరోజు పొద్దున నాదస్వరం పెట్టె తెరిచాడు. ఈశ్వరమ్మ వంటింట్లో పని ఆపి, చివరిదాకా వింది.

పెళ్లి బుధవారం పొద్దున, చెల్లెలి ఊళ్లో. మునిరత్నం తడిపి పిండిన తువ్వాలు ముక్కుకు కట్టుకుని బండిలో వెళ్లాడు. ఖాసిం ఆలస్యంగా బయలుదేరాడు. ముహూర్తం దాటిపోతుందని మామిడితోటల అడ్డదారి పట్టక తప్పలేదు. పందిరి కనబడేదాకా వచ్చి, ఇరవై గజాల దూరంలో రాతిస్తంభం పక్కన ఆగిపోయాడు.

మునిరత్నం చెల్లెలు చూసి చెయ్యూపింది. "లోపలికి రాండి సామీ, యాల ఆడ నిలబడినారు?"

"తోటల్లో పడి వచ్చినానమ్మా. ఈడనే ఉంటా," అన్నాడు.

అయ్యవారు చెయ్యెత్తి సైగ చేశాడు. డోలు గట్టిమేళం అందుకుంది. మగపెళ్లివారి పెద్దలు పెళ్లికొడుకును చూడడం మానేసి మునిరత్నం ముక్కునే చూస్తున్నారు. పెళ్లికొడుకు తాళి ఎత్తాడు. మునిరత్నం బుగ్గలు నిండాయి. నాదస్వరం పైకి లేచింది, నిలిచింది, ఇంకా పైకి పోయింది. మొదటి ముడి. స్తంభం పక్కన ఖాసిం ఊపిరి తీసుకోవడం మరిచిపోయాడు. రెండో ముడి. మునిరత్నం కళ్లు మూసుకున్నాడు. ఒక్క క్షణం ఖాసింకు ప్రాణం పోయినట్టయింది. తుమ్ముకు కాదు, ఆ కళ్లు పాటకు మూతపడ్డాయి. మూడో ముడి పడింది. అక్షింతలు లేచాయి.

ఆ తరవాత మగపెళ్లివారిలో ఎవరో తుమ్మారట. ఎవరా అని చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. మునిరత్నం చెల్లెలు మాత్రం అన్న దగ్గరికి పోయి, అందరి ముందరా అతని భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

ఖాసిం దర్గాకు తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. తాత పంచలో ఉన్నాడు. పక్కన కంబళి మడిచి ఉంది. తన భుజాన బూడిదరంగుకు తిరిగిన కంబళి మళ్లీ ఉరుసు నాటి వెన్నెల రంగుకు వచ్చిందని ఖాసిం చూశాడు.

"తీసుకో," అన్నాడు తాత.

"పందెం ఓడినా తాతా. పదకొండు దినాలు దాటింది."

"పందెం నువ్వు పెట్టినావు. నేను పెట్టినానా?"

ఖాసిం కంబళి అందుకోలేదు. నాలుగు రోజులుగా మనసులో మెదులుతున్న మాట అడిగాడు.

"మీ గురువు ఇచ్చింది గదా తాతా. మీరెప్పుడైనా దీన్ని నీళ్లలో పెట్టినారా?"

"ప్రతి శుక్రవారం."

"ఈడ ఆరేండ్లుండాను. ఒక్కనాడు కూడా నేను చూడలేదే."

"నువ్వు ముందర జనం కాడ ఉంటావు," అన్నాడు తాత. "నేను వెనక బావి కాడ ఉంటా."

ఖాసిం తల వంచుకున్నాడు. రెండు చేతులూ చాపి కంబళి తీసుకున్నాడు.

శుక్రవారం పొద్దున ఎప్పటిలాగే జనం వచ్చారు. నెమలీకల కట్ట తాత చేతిలో ఉంది. కొత్తగా వచ్చిన ఒక పెద్దాయన అటూ ఇటూ చూశాడు. మునిరత్నం తుమ్ము మాన్పించిన సామి పేరు విని, రెండు ఊళ్ల అవతలి నుంచి నడిచి వచ్చాడాయన.

"ఖాసిం సామి యాడ కనబడలేదే తాతా?"

వెనక నుంచి చేద గిలక చప్పుడు వినబడుతోంది.

"కూర్చో నాయనా, వస్తాడు," అన్నాడు దాదాపీర్ తాత. "వెనక చదువుకుంటాండాడు."